తాళం చెవి ఎవరి చేతిలో?

సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలో ప్యారానగర్ అనే చిన్న ఊరుంది. పక్కనే నల్లవల్లి, కొత్తపల్లి. అటు చూస్తే నర్సాపూర్ అడవి. 2025 ఫిబ్రవరిలో పోలీసు బందోబస్తు మధ్య అక్కడ హైదరాబాద్ నగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) డంపింగ్ యార్డు పనులు మొదలయ్యాయి. ఊళ్లు రోడ్డెక్కాయి. ర్యాలీలు తీశారు, బంద్‌లు చేశారు, టెంట్లు వేసుకుని రిలే దీక్షలకు కూర్చున్నారు. హైదరాబాద్‌లో తిని, వాడి, పారేసినదాన్ని ఇక్కడికెందుకు తెస్తున్నారన్నది వాళ్ల మొదటి ప్రశ్న. తెచ్చేముందు మమ్మల్ని ఎవరడిగారన్నది రెండోది.

మొదటి ప్రశ్నకు అధికారుల దగ్గర ఏదో ఒక జవాబు ఉంటుంది. ఇప్పుడున్న జవహర్‌నగర్ డంపు నిండిపోయింది, నగరం పెరిగింది, ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా అంటారు. రెండో ప్రశ్నకే సరైన జవాబు దొరకదు. డంపింగ్ యార్డుల గురించి మన దగ్గర నిబంధనలు లేక కాదు. దండిగా ఉన్నాయి. ఆ నిబంధనలు అమలవుతున్నాయా లేదా అని రోజూ కళ్లారా చూడగలిగిన వాళ్ల చేతిలో మాత్రం ఏ అధికారమూ లేదు. వాసన పీల్చేవాళ్లొకరు, సంతకం పెట్టేవాళ్లు ఇంకొకరు.

రాజ్యాంగంలోనే తేడా

1993లో అమల్లోకి వచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థలకు ప్రాణం పోశాయి. పురపాలక సంఘాల కోసం చేర్చిన పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలున్నాయి. అందులో ఆరోది ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ. పంచాయతీల కోసం చేర్చిన పదకొండో షెడ్యూల్లో 29 అంశాలున్నాయి. అక్కడ ఆరోగ్యం, పారిశుద్ధ్యం వరకే రాశారు. చెత్తను ఎత్తి ఎక్కడో చోట వదిలించుకోవాల్సిన బాధ్యత పట్టణానికి పేరుపెట్టి మరీ అప్పగించారు. ఆ చెత్త వచ్చి పడే పల్లె దాని గురించి ఏం చెప్పగలదో మాత్రం రాయలేదు.

పల్లెకు చెత్త బాధ్యతలేమీ లేవని అనుకోవద్దు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక, పల్లె ప్రగతి మొదలయ్యాక, ఊరూరా ట్రాక్టరు వచ్చింది, డంపింగ్ యార్డు వచ్చింది, తడి చెత్త పొడి చెత్త వేరు చేసే షెడ్డు వచ్చింది. పారిశుద్ధ్యంలో అలసత్వం చూపితే సర్పంచిని, కార్యదర్శిని నిలదీసే వీలు చట్టంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ‘చెత్త నుంచి సంపద’ కేంద్రాలు కట్టారు. తన ఊరి చెత్తకు అణాపైసలతో లెక్క చెప్పాల్సిన సర్పంచి, పొలిమేరలో దిగే నగరం లారీలోని చెత్త గురించి అడిగితే మాత్రం అది మీ పరిధి కాదంటారు.

జవహర్‌నగర్ చెప్పే కథ

హైదరాబాద్ చెత్త ఒకప్పుడు వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్ లాంటి చోట్లకు వెళ్లేది. నగరం అటు పెరిగాక ఈశాన్యాన ఉన్న జవహర్‌నగర్‌కు మళ్లింది. 2000ల తొలినాళ్ల నుంచి మూడు వందల ఎకరాలకు పైబడిన ఆ స్థలంలో చెత్త పోస్తూ పోయారు. అప్పట్లో జవహర్‌నగర్ ఒక గ్రామ పంచాయతీ. కింద ప్లాస్టిక్ పొర పరవలేదు, పైన మట్టి కప్పలేదు. తెచ్చారు, కుమ్మరించారు, వెళ్లారు. ఏళ్లు గడిచేసరికి అక్కడ కోటీ ఇరవై లక్షల టన్నుల గుట్ట లేచింది.

మన చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పూలు, ఆకులు అన్నీ ప్లాస్టిక్‌తో కలిసి గుట్టగా పడితే లోపల గాలి ఆడదు. గాలి ఆడని చోట కుళ్లు మొదలవుతుంది, మీథేన్ పుడుతుంది. ఎండాకాలం గుట్టలు వాటంతటవే అంటుకోవడానికి ఆ వాయువే కారణం. పైనుంచి వాన పడితే ఆ నీరు కుళ్లు గుండా దిగుతూ లోహాలను, రసాయనాలను కరిగించుకుని నల్లటి ఊటగా అడుగుకు చేరుతుంది. దీన్నే లీచెట్ అంటారు. అది ఎటు పల్లం ఉంటే అటు పోతుంది. జవహర్‌నగర్‌లో మల్కారం చెరువులోకి పోయింది. చెరువు నీళ్లు నల్లబడ్డాయి. చుట్టుపక్కల బోర్ల నీళ్ల రంగు మారింది. దమ్మాయిగూడ వరకూ కాలనీల వాళ్లు సాయంత్రమైతే కిటికీలు మూసుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఆ తర్వాత చాలా పనులు జరిగాయి, వాటిని కాదనడానికి లేదు. 2009లో జీహెచ్‌ఎంసీ ఈ బాధ్యతను ఒప్పందం మీద రాంకీ సంస్థకు అప్పగించింది. పాత గుట్టను మట్టితో, ప్లాస్టిక్ పొరతో కప్పి పైన గడ్డి పెంచారు. దీన్నే క్యాపింగ్ అంటున్నారు. 2020లో చెత్త నుంచి 19.8 మెగావాట్ల కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. మల్కారం చెరువు దగ్గర లీచెట్ శుద్ధి కేంద్రాన్ని 2023లో ప్రారంభించారు. అన్నీ అవసరమైన పనులే. కానీ వరస చూడండి. చెత్త ముందు వచ్చింది, కాలుష్యం తర్వాత తెలిసింది, జనం కోర్టులకు, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు, మందు చివర్న వచ్చింది. అప్పటికి చెత్త పోయడం మొదలుపెట్టి దాదాపు రెండు దశాబ్దాలైంది. యార్డు తెరిచిన ఏడాదే ‘అడుగున పొర ఏదీ’ అని ఎవరైనా గట్టిగా అడిగి పని ఆపించగలిగి ఉంటే ఆ చెరువు దక్కేది. అలా అడగగలిగిన వాళ్లు యార్డు పక్కనే ఉన్నారు. ఆపించే అధికారం వాళ్లకు లేదు, అంతే.

జవహర్‌నగర్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. గుట్ట పెరిగిన కొద్దీ దాని చుట్టూ ఇళ్లూ పెరిగాయి. సిటీలో అద్దె కట్టలేని కూలీలు, చిన్న ఉద్యోగులు చవగ్గా జాగా దొరికిందని అక్కడే కట్టుకున్నారు. ‘డంపు ఉందని తెలిసే కదా వచ్చారు’ అని వాళ్లను అనడం తేలిక. యార్డుకు చుట్టూ నిర్మాణాలు లేని జాగా వదలాలని నిబంధన ఉంది. ఆ గీత గీయాల్సింది, కాపాడాల్సింది అధికారులు. ఆ పని చేయకుండా తప్పంతా పేదవాడి నెత్తిన రుద్దడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కాగితం మీద అన్నీ ఉన్నాయి

ఈ నిబంధనల పుట్టుక వెనక ఒక మహిళ ఉన్నారు. అల్మిత్రా పటేల్ ఇంజినీరు. బెంగళూరు శివార్లలో ఆవిడ పొలం దగ్గర నగరం చెత్త పోయడం మొదలయ్యాక వానాకాలపు రాత్రుల్లో కప్పల అరుపులు ఆగిపోయాయి. ఎందుకని ఆరా తీస్తూ ఊరూరా తిరిగిన ఆవిడ 1996లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. కోర్టు అసీమ్ బర్మన్ కమిటీని వేసింది. దాని నివేదిక దరిమిలా 2000లో మున్సిపల్ ఘన వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో వాటి స్థానంలో మరింత విస్తారమైన నిబంధనలు వచ్చాయి.

ఆ 2016 నిబంధనలను చదివితే మన దేశంలో ఒక్క డంపింగ్ యార్డు గురించి కూడా గొడవ జరగకూడదనిపిస్తుంది. చెత్తను పూడ్చే చోటు నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, ఇళ్లకు, హైవేలకు, తాగునీటి బావులకు 200 మీటర్లు దూరంగా ఉండాలి. విమానాశ్రయానికి, వైమానిక స్థావరానికి 20 కిలోమీటర్లు. తప్పనిసరైతే సంబంధిత శాఖ అనుమతితో పది, ఇరవై కిలోమీటర్ల మధ్య పెట్టుకోవచ్చు. చెత్త చుట్టూ మూగే పక్షులు విమానాలకు తగలకుండా ఈ జాగ్రత్త. ప్యారానగర్ వాసులు దుండిగల్ వైమానిక అకాడమీ సంగతి ఎత్తడం ఇందుకే. అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్ పొర వేయాలి. భూగర్భజలం ఆ అడుగుకు కనీసం రెండు మీటర్ల కింద ఉండాలి. ఏ రోజు పోసిన చెత్తను ఆ రోజే మట్టితో కప్పాలి. మూసేశాక కూడా కనీసం 15 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలి. అన్నిటికీ మించి, కుళ్లేదీ, మళ్లీ వాడుకోగలిగేదీ, కాలేదీ అసలు అక్కడికి రానే కూడదు. ఎందుకూ పనికిరాని శేషం మాత్రమే పూడ్చాలి.

మరి ఇవన్నీ ఎవరు చూస్తారు? స్థలం వెతికి కేటాయించేలా చూసేది జిల్లా కలెక్టరు. యార్డు నడిపేది నగర పాలక సంస్థ లేదా దాని కాంట్రాక్టరు. అనుమతిచ్చేది, తనిఖీ చేసేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. పెద్ద ఉమ్మడి కేంద్రాలకు 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక ముసాయిదాను పంచాయతీ దాకా చేర్చాలి. ఊరివాళ్లు మైకు పట్టుకుని మాట్లాడొచ్చు. వాళ్ల మాటలు రాసుకుంటారు. రాసుకున్నాక ఒప్పుకోవాలని ఎక్కడా లేదు. గ్రామసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించినా అది ఫైలులో ఒక కాగితం.

కాలుష్య నియంత్రణ మండలి అధికారి ఏడాదికి ఎన్నిసార్లు వచ్చి చూడగలడు? వచ్చే రోజున మట్టి కప్పి ఉంచడం ఎంతసేపు? రాత్రి పన్నెండింటికి పొగ లేస్తే, వాన వెలిసిన తెల్లారి వాగు నల్లగా పారితే, మొదట చూసేది గొర్రెలు తోలుకెళ్లే మనిషి. ఆ మనిషి వెళ్లి చెప్పేది పంచాయతీ ఆఫీసులోనే. అక్కడ విన్న వాళ్లకు గేటు దాటి లోపలికి వెళ్లే హక్కు కూడా లేకపోతే ఎంత మంచి నిబంధనైనా ఏం చేస్తుంది?

విలప్పిల్‌శాల వేసిన తాళం

ఈ పరిస్థితిని తిరగేసిన పంచాయతీ ఒకటి కేరళలో ఉంది. తిరువనంతపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో విలప్పిల్ పంచాయతీ, అందులో విలప్పిల్‌శాల. 2000 సంవత్సరంలో నగరం అక్కడ కంపోస్టు ప్లాంటు పెట్టింది. చెత్తను ఎరువుగా మారుస్తామన్నారు, ఊరికి ఏ ఇబ్బందీ ఉండదన్నారు. నగరం నుంచి వచ్చిన చెత్తలో అంతా కలగాపులగం. ప్లాంటు తట్టుకోలేకపోయింది. ఎరువు కాని చెత్త గుట్టలుగా పేరుకుంది. ఊట వాగులోకి దిగింది, ఆ వాగు కరమన నదిలో కలుస్తుంది. నడిపే బాధ్యత ప్రైవేటు సంస్థ నుంచి తిరిగి కార్పొరేషన్ చేతికొచ్చినా ఊరి బతుకు మారలేదు. పదేళ్లకు పైగా అర్జీలు, ధర్నాలు.

2011 డిసెంబరు 21న పంచాయతీ ఆ ప్లాంటుకు తాళం వేసింది. అప్పటి పంచాయతీ అధ్యక్షురాలు శోభనకుమారి. ఎన్నికైన ఒక గ్రామ పంచాయతీ, రాజధాని నగరం నడిపే ప్లాంటును మూసేయడం దేశంలో పెద్ద సంచలనం. కార్పొరేషన్ హైకోర్టుకు వెళ్లింది. పోలీసు రక్షణతో తెరవమని కోర్టు చెప్పింది. 2012 ఫిబ్రవరి 13న పోలీసులు చెత్త లారీలను వెంటబెట్టుకుని వచ్చేసరికి ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఆడవాళ్లు దారికి అడ్డంగా పొయ్యిలు పెట్టి పొంగళ్లు వండారు. తిరువనంతపురం ఆట్టుకాల్ భగవతికి పొంగళ్లు పెట్టే నేల అది. వెలుగుతున్న ఆ పొయ్యిలను తన్ని దారి చేసుకోవడం ఏ ప్రభుత్వానికీ తేలిక కాదు. లారీలు వెనక్కి తిరిగాయి.

అదే ఏడాది అక్టోబరులో లీచెట్ శుద్ధి యంత్రాలను రాత్రివేళ లోపలికి చేర్చారు. ఊరు మళ్లీ భగ్గుమంది, శోభనకుమారి నిరాహారదీక్షకు కూర్చున్నారు. కోర్టుల్లో వాదన ఎటు తిరిగినా ఆ ప్లాంటు మాత్రం మళ్లీ తెరుచుకోలేదు.

కోర్టు ఆదేశాన్ని ఒక ఊరు అడ్డుకోవడం సబబా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. నా మటుకు నాకు, అంతకు ముందు పదేళ్లు ఆ పంచాయతీ మాటకు చట్టబద్ధమైన విలువ ఉండి ఉంటే రోడ్డు మీద పొయ్యి వెలిగించే అవసరమే వచ్చేది కాదనిపిస్తుంది. ప్లాంటు నడవాలంటే ఏటా పంచాయతీ ఒప్పుదల కావాలన్న ఒక్క షరతు ఉన్నా కార్పొరేషన్ ముందే దారికొచ్చేది.

తాళం పడ్డాక నగరం ఏమైందన్నది ఈ కథలో అసలు ఘట్టం. మొదట నరకమే. వీధి మలుపుల్లో కుప్పలు, సందుల్లో మంటలు, దోమలు, జ్వరాలు. వేరే ఊరు ఏదీ తలుపు తీయలేదు. విలప్పిల్‌శాలను చూశాక ఏ పంచాయతీ ఒప్పుకుంటుంది? గత్యంతరం లేక నగరం తన ఇంటి వైపు చూసుకుంది. ఇళ్లలో పైపు కంపోస్టు గొట్టాలు, వంటింటి కంపోస్టు డబ్బాలు, బయోగ్యాస్ ప్లాంట్లు వచ్చాయి. వార్డుల్లో ‘తుంబూర్‌మూళి’ తొట్లు వెలిశాయి. కేరళ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల పశుక్షేత్రంలో రూపొందిన పద్ధతి అది. గాలి ఆడే తొట్టిలో పేడ, ఎండుటాకులు, తడి చెత్త వరసలుగా వేసి పెడితే వాసన లేకుండా ఎరువవుతుంది. ప్లాస్టిక్ సేకరించడానికి మహిళలతో హరిత కర్మ సేన వచ్చింది.

అదే కాలంలో ఆలప్పుళలోనూ ఇలాగే జరిగింది. ఆ పట్టణం చెత్త పోసే సర్వోదయపురం పక్క పంచాయతీలో ఉంది. అక్కడి జనం లారీలను ఆపేశారు. 2012లో అప్పటి ఎమ్మెల్యే థామస్ ఐజాక్ చొరవతో ‘నిర్మల భవనం, నిర్మల నగరం’ మొదలైంది. ఎక్కడి తడి చెత్త అక్కడే ఎరువో గ్యాసో కావాలన్నది దాని సూత్రం. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం చెత్త నిర్వహణలో ఆదర్శంగా చెప్పిన ఐదు నగరాల్లో ఆలప్పుళ ఒకటి.

కేరళలో అంతా చక్కబడిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. 2023 మార్చి 2న కొచ్చి నగరపు బ్రహ్మపురం డంపు అంటుకుంది. పదిరోజులు దాటినా పొగ ఆగలేదు. హరిత ట్రిబ్యునల్ కొచ్చి కార్పొరేషన్‌కు 100 కోట్ల జరిమానా వేసింది. 2024 జులైలో తిరువనంతపురం రైల్వేస్టేషన్ పక్కన చెత్తతో పూడుకుపోయిన ఆమయిళంజాన్ కాలువను శుభ్రం చేయడానికి దిగిన కార్మికుడు కొట్టుకుపోయి చనిపోయాడు. అయినా కొచ్చికి, ఆలప్పుళకు మధ్య తేడా కనిపిస్తూనే ఉంది. చెత్తను పంపించేయడానికి బ్రహ్మపురం ఉన్నంతకాలం కొచ్చికి మారాల్సిన తొందర కలగలేదు.

అందరూ వద్దంటే ఎలా?

ఊళ్లన్నిటికీ కాదనే హక్కిస్తే చెత్త ఎక్కడికి పోవాలని మున్సిపల్ కమిషనర్లు అడుగుతారు. న్యాయమైన మాట. శేషాన్ని ఎక్కడో ఒకచోట పూడ్చక తప్పదు.

కానీ ఆ శేషం ఎంత అన్నదే ముందు తేలాలి. మన సూర్యాపేట 2003 ప్రాంతంలోనే జవాబు చూపించింది. అప్పటి కమిషనర్ ఖాదర్ సాహెబ్ వీధి కుండీలు తీసేయించి, ఇంటింటికీ రెండు బుట్టల పద్ధతి తెచ్చి, తడి చెత్తను ఎరువుగా, పొడి చెత్తను అమ్మకానికి మళ్లించారు. చెత్తకుండీ లేని పట్టణంగా సూర్యాపేటను చూడటానికి దేశం నలుమూలల నుంచీ అధికారులు వచ్చారు. ఇప్పటి స్వచ్ఛ ఆటోలు, యాప్‌లు అప్పుడేవీ లేవు. ఆ స్థాయి వడపోత తర్వాత పొలిమేర దాటేది చాలా తక్కువ. అలా వడగట్టిన నగరానికి మరో ఊరి ముందు నిలబడి అడిగే ముఖం ఉంటుంది.

అడిగే పద్ధతి కూడా ఉండాలి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 1980ల తొలినాళ్లలో ఇందుకొక చట్టం తెచ్చింది. చెత్త పూడ్చే కేంద్రం పెట్టదలచిన సంస్థ, అది వచ్చే ఊరి స్థానిక కమిటీతో బేరసారాలకు కూర్చోవాలి. ఊరికి పూర్తిగా కాదనే హక్కు లేదు. కానీ లారీలు వచ్చే వేళలు, దారి, బావుల పరీక్షలు, ఊరికి చెల్లించాల్సిన సొమ్ము, మూసేశాక బాధ్యత, అన్నీ మాట్లాడుకుని రాసుకోవాలి. కుదరకపోతే మధ్యవర్తి మండలి తేలుస్తుంది. అక్కడ రాసుకున్నది ఒప్పందం, తప్పితే కోర్టుకు ఈడ్చొచ్చు.

మన దగ్గర డబ్బు ఎటు పోతుందో చూడండి. 2022లో హరిత ట్రిబ్యునల్ చెత్త, మురుగు నిర్వహణలో వైఫల్యానికి తెలంగాణ ప్రభుత్వానికి సుమారు 3,800 కోట్ల రూపాయల పరిహారం విధించింది. ఆ సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి ప్రధాన కార్యదర్శి ఆదేశాల ప్రకారం ఖర్చు చేయమంది. డంపు పక్క ఊరి పంచాయతీ ఆ ఖాతా గురించి అడగడానికైనా దారి లేదు.

ఉన్న చట్టాల్లో ఊరి చేతికి అందే పనిముట్లు కొన్ని లేకపోలేదు. మధ్యప్రదేశ్ రత్లాం పట్టణంలో ఒక వీధివాళ్లు మురుగు కాలువల దుర్గంధం మీద మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేస్తే, డబ్బుల్లేవని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు ఆ సాకు చెల్లదంది. వాళ్లు వాడుకున్న నేర విచారణ స్మృతి 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152గా ఉంది. ప్రజాబాధకం మీద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టడానికి పెద్ద లాయర్లు అక్కర్లేదు. సమాచార హక్కు కింద కాలుష్య మండలి ఇచ్చిన అనుమతి పత్రం నకలు అడగొచ్చు. అందులోని షరతులు ఒక్కొక్కటీ యార్డు ముందు నిలబడి సరిచూసుకోవచ్చు.

ఇక చట్టం మార్చాల్సిన చోట్లు. యార్డు ఉన్న పంచాయతీ ప్రతినిధులకు ముందస్తు కబురు లేకుండా లోపలికి వెళ్లి చూసే హక్కు కావాలి. షరతు తప్పినట్టు గ్రామసభ తీర్మానిస్తే, కాలుష్య మండలి వచ్చి తేల్చేదాకా కొత్త లారీ దిగకూడదు. టన్నుకు ఇంతని నగరం ఊరికి కట్టాలి, చెత్త పెరిగితే రేటూ పెరగాలి. బోర్ల పరీక్ష సంగతి మరీ ముఖ్యం. 2016 నిబంధన యార్డు అంచు నుంచి 50 మీటర్ల లోపు నీటిని పరీక్షించమంది. ఊళ్లో బోర్లు ఆ గీత అవతలే ఉంటాయి. ఆ బోర్లను కూడా ఎండాకాలం, వానాకాలం, వానల తర్వాత పరీక్షించి ఫలితాలను పంచాయతీ గోడ మీద తెలుగులో అతికించాలి.

2016 నిబంధనల ప్రకారం యార్డు నడిపే సంస్థ ఏటా ఏప్రిల్ నెలాఖరుకల్లా నగర పాలక సంస్థకు నివేదిక ఇవ్వాల్సి ఉండేది. ఎంత చెత్త వచ్చింది, ఎంత ఎరువైంది, ఎంత పూడ్చారు అన్నీ అందులో ఉండేవి. జూన్ నెలాఖరుకల్లా నగరం తన నివేదికను పైకి పంపాల్సి ఉండేది. అది కాలుష్య మండలికి వెళ్లేది, అక్కడి నుంచి ఢిల్లీలోని కేంద్ర మండలికి వెళ్లేది. ఆ వరసలో యార్డు ఉన్న ఊరి పంచాయతీ పేరు ఉండేది కాదు. ప్యారానగర్ లాంటి ఊళ్లకు ఇంకే హామీ ఇచ్చేముందైనా, ప్రభుత్వం మొదట నివేదికలు అందుకునే వరసలో పంచాయతీ పేరు చేర్చాలి.